కదలకు అన్న భద్రయ్య కాళ్లు

చిలకలగూడలో ఎవరింట్లోనైనా పాత ఆల్బమ్ అడిగి చూడండి. అందులో ఊపిరి బిగబట్టి, కళ్లు పెద్దవి చేసి, దొంగతనంలో దొరికిపోయినవాళ్లలా నిలబడ్డ మనుషులు కనిపిస్తే ఆ ఫోటో భద్రయ్య తాత తీసిందే. వెనక స్టాంపు చూడనక్కర్లేదు. ఆయన స్టూడియోలో నవ్వడానికి అనుమతి ఉండేది గాని కదలడానికి ఉండేది కాదు.

"కదలకు" అనే ఒక్క మాట మీద ఆయన ముప్పై ఏళ్లు బతికాడు. పెళ్లికూతుళ్లకు చెప్పాడు, పదో తరగతి హాల్ టికెట్ ఫోటోకు వచ్చిన పిల్లలకు చెప్పాడు, రైల్వే పాసు కోసం వచ్చిన లావుపాటి గార్డులకు చెప్పాడు. చంటిపిల్లలకైతే కెమెరాలోంచి పిచ్చుక వస్తుందని అబద్ధమాడేవాడు. ఎంత చెప్పినా కదిలేవాళ్లను ఒకటి నుంచి ఇరవై దాకా మనసులో లెక్కపెట్టుకోమనేవాడు. లెక్కలో పడ్డ మనిషి కదలడని ఆయన సిద్ధాంతం. ఆయన మాట నూటికి నూరుపాళ్లు విన్న గిరాకీలు మాత్రం చనిపోయినవాళ్లే. బన్సీలాల్‌పేట్ శ్మశానానికి తీసుకెళ్లే ముందు ఆఖరి ఫోటో కోసం పిలిస్తే వెళ్లేవాడు. అలవాటు కొద్దీ అక్కడ కూడా ఒకసారి "కదలకండి" అన్నాడట. పక్కన ఏడుస్తున్న కోడలు టక్కున ఆగిపోయిందట. ఈ కథ ఆయన భార్య, అమ్మమ్మ ఎల్లమ్మ, ఇప్పటికి వందసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ముందు తనే నవ్వుతుంది.

ఫోటో తీయడం ఒక ఎత్తు, టచింగ్ ఒక ఎత్తు. ఎర్ర బల్బు గదిలో నెగటివ్ కడిగి ఆరబెట్టి, సన్నగా చెక్కిన పెన్సిలు పట్టుకుని దాని మీద వంగేవాడు. మొటిమలు, అమ్మవారు పోసిన మచ్చలు, చిన్నప్పుడు కాలిన గుర్తులు, అన్నీ మాయం. "నా దగ్గరికొచ్చినోళ్లకు మచ్చ ఉండదు" అనేవాడు గొప్పగా. కదిలిన ఫోటోను మాత్రం బతికించేవాడు కాదు. చించి బుట్టలో వేసి మళ్లీ కూర్చోబెట్టేవాడు.

అటువంటి మనిషికి నలభై ఒకటో ఏట కుడి కన్ను మసకబారింది. ఆల్బమ్ పేజీల మధ్య వేసే బటర్ పేపర్ కంటి ముందు వేలాడదీసినట్టు అయింది. ఆయన కంటిని అనుమానించలేదు. లెన్సుకు బూజు పట్టిందనుకుని రెండు రోజులు కెమెరాను తుడిచాడు. మూడో రోజు కెమెరా లేకుండా చూసినా ఎల్లమ్మ మసగ్గానే కనిపించేసరికి ఆసుపత్రికి వెళ్లాడు.

కన్ను కొంత బాగుపడింది. తర్వాత కాళ్లకు తిమ్మిరి వచ్చింది. అప్పుడు పెద్ద డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్. మెదడులోనూ వెన్నులోనూ ఉండే నరాల మీది తొడుగు అక్కడక్కడ ఊడిపోతుందట. వైరు మీద రబ్బరు పోతే కరెంటు సరిగా పారనట్టు, మెదడు చెప్పిన మాట కాళ్లదాకా చేరదట. అందరూ పొట్టిగా ఎం.ఎస్. అంటారు. వీధిలో ఒకరిద్దరు అది పెద్ద చదువనుకున్నారు. ఏడో తరగతి రెండుసార్లు తప్పిన మనిషికి ఆ మర్యాద కొన్నాళ్లు బాగానే దక్కింది.

చేతికర్ర వచ్చింది. ఇంజెక్షన్లు వచ్చాయి. వాటితో పాటు, ఆ తర్వాత కొన్నేళ్లకు, ఎవరికీ చెప్పుకోలేనిది ఇంకొకటి వచ్చింది.

పగలంతా నడవమంటే నడవని కాళ్లు పొద్దుగూకాక కూర్చోమంటే కూర్చునేవి కావు. నొప్పి కాదు, దురద కాదు. పిక్కల లోపల, చెయ్యి పెట్టి గోకడానికి వీల్లేనంత లోతున, గోలీసోడా పొంగుతున్నట్టు ఉండేది. కదిలిస్తే ఒక నిమిషం తగ్గేది. ఆపితే మళ్లీ పొంగేది. అందుకని తాత కుర్చీలో కూర్చుని రెండు కాళ్లూ ఊపుతూనే ఉండేవాడు. టీవీ ముందు, అన్నం ముందు, చుట్టాల ముందు కూడా.

కాళ్లు ఊపే మనిషి ఇంట్లో లక్ష్మి నిలవదని తెలుగునాట చంటిపిల్లలకు కూడా తెలుసు. అమ్మమ్మకు ఇంకా బాగా తెలుసు.

"ఓ అయ్యా, కాళ్లు ఊపకు. ఎన్నిసార్లు చెప్పాలె? పొద్దుమీకి దీపం పెట్టిన యాళ్ల."

"ఊపుతలేనే."

"మరి ఆడ ఊగేటియి నావా?"

తాత రెండు చేతులతో మోకాళ్లు నొక్కి పట్టుకునేవాడు. అరనిమిషం గడిచేది. మడమలు మెల్లగా నేలను కొట్టడం మొదలుపెట్టేవి.

ఈ కాళ్లు మొదలైన రెండేళ్లకు స్టూడియో మూతపడింది. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. ఎవరి ఫోటో వాళ్లే తీసుకుంటున్నారు, కదులుతూ, నాలుక బయటపెట్టి. కారణం అదేనని తాతకు తెలుసు. కాని షట్టర్ దించిన రోజు అమ్మమ్మ గడపలో నిలబడి, "ఊపకు ఊపకు అని మొత్తుకున్న. ఊపి ఊపి లచ్చిందేవిని గడప దాటిచ్చినవు" అన్నది. అది కోపంలో అన్న మాట, మర్నాటికి ఆమె మర్చిపోయింది. తాత మర్చిపోలేదు. కింద స్టూడియో ఉన్నచోట జిరాక్స్ దుకాణం వచ్చింది. పైన ఇంట్లో కూర్చున్న తాత, ఆ మిషన్ చప్పుడు వినిపించినప్పుడల్లా తన కాళ్ల వైపు చూసుకునేవాడు, నేరస్థుణ్ణి చూసినట్టు.

అందుకే ఆరునెలలకోసారి డాక్టరమ్మ, "ఇంకేమైనా ఇబ్బందులున్నాయా భద్రయ్యగారూ?" అని అడిగితే ఆయన "లేవమ్మా" అనేవాడు. కాళ్లు ఊపడం చెడ్డ అలవాటు. గోళ్లు కొరుకుతానని డాక్టరుకు ఎవరు చెప్పుకుంటారు? అట్లా పదకొండేళ్లు చెప్పలేదు.

ఈ ఏడు ఎండాకాలం వెళ్లేసరికి నడక బాగా పడిపోయింది. మెట్ల మీద రెండుసార్లు జారాడు. డాక్టరమ్మ రెండు మోకాళ్లనూ సుత్తితో తట్టి చూసి ముఖం ముడుచుకుంది.

"పాత ఇంజెక్షన్ పనిచేస్తోందో లేదో స్కాన్ చూస్తేగాని చెప్పలేను. మెదడు, వెన్ను రెండూ తీయించండి. పనిచేయకపోతే త్వరగా మార్చాలి. ఆలస్యమైతే పోయిన నడక మళ్లీ రాదు."

కూతురు రజిత సీతాఫల్‌మండి నుంచి వచ్చి అన్నీ మాట్లాడింది. ఆమె ఆఫీసు అయ్యాక కుదిరే వేళ సాయంత్రం ఆరు. సరిగ్గా తాత కాళ్లు డ్యూటీ ఎక్కే వేళ. ఆ సంగతి ఆయనొక్కడికే తెలుసు. ఆయన చెప్పలేదు.

"ముప్పావు గంట కదలకుండ పండుకోవాలంట బాపు" అన్నది రజిత.

"కదలకుండ పండుడు నాకు చెప్తున్నవా బిడ్డా?" అన్నాడు తాత. మాటలో పొగరు ఉంది. కాళ్లల్లో భయం ఉంది.

అమ్మమ్మ ఉపాయం ఆలోచించింది. ఇంట్లో సర్ది గోలీలు ఉన్నాయి. పచ్చగా, చిన్నగా ఉంటాయి. ఒకటి వేసుకుంటే ముక్కు సంగతి ఎట్లున్నా మనిషి మాత్రం గుర్రుపెట్టి నిద్రపోతాడు. "ఒక్కటి మింగు. సుకంగ పండుకుంటవు. ఆళ్ల పని ఆళ్లు చేసుకుంటరు" అన్నది. రజితకు కూడా అది బాగానే తోచింది. డాక్టరమ్మను అడగాలని ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. సర్ది గోలికి డాక్టరును అడిగే ఇల్లు చిలకలగూడలో ఇంకా కట్టలేదు.

స్కాన్ సెంటర్లో సత్యదేవ్ అనే టెక్నీషియన్ ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, నెమ్మదస్తుడు. తాతను బల్ల మీద పడుకోబెట్టి, చెవుల్లో దూది పెట్టి, తలకు పంజరం లాంటిది బిగించి, చేతికి రబ్బరు బుడ్డి ఇచ్చాడు.

"భయమైతే ఇది ఒత్తండి అంకుల్. మిగతాది ఏం లేదు. కదలకండి, అంతే."

ముప్పై ఏళ్లు అందరికీ తను చెప్పిన మాట ఇప్పుడు ఒకరు ఆయనకు చెప్పారు.

"నేను సుత ఫోటోగ్రాఫర్నే" అన్నాడు తాత.

"మాట్లాడొద్దు అంకుల్."

బల్ల గొట్టంలోకి జరిగింది. ఎవరో రేకు డబ్బాను కర్రతో బాదుతున్నట్టు చప్పుడు మొదలైంది. తాత తన సిద్ధాంతం ప్రకారం లెక్కపెట్టడం షురూ చేశాడు. ఒకటి, రెండు, మూడు. గోలి మత్తు కళ్ల మీదికి వచ్చింది, రెప్పలు బరువెక్కాయి. కాళ్లకు మాత్రం ఆ మత్తు చేరలేదు. పైగా ఎన్నడూ లేనంతగా పొంగుతున్నాయి. పదిహేను, పదహారు. కాలివేళ్లు బిగించాడు. పంతొమ్మిది దగ్గర కుడికాలు ఎగిరి బల్లను తన్నింది.

పావుగంటలో సత్యదేవ్ మూడుసార్లు స్పీకర్లో చెప్పాడు. నాలుగోసారి మిషన్ ఆపి లోపలికి వచ్చాడు.

"ఏం కనిపిస్తలేదు అంకుల్. మొత్తం షేక్ వచ్చింది."

షేక్ అన్న మాటకు తాత చెవులు ఎర్రబడ్డాయి. ఎంతమంది ఫోటోలు ఆ మాట అని చించాడో.

బయటికి వచ్చాక అమ్మమ్మ ఊరుకోలేదు. "గా ముప్పావు గంట సుత ఊపకుంట ఉండలేవానయ్యా? నీ బిడ్డ ఆఫీసుల పర్మిషన్ అడుక్కొని వచ్చింది."

తాత ఆటోలో కూర్చుని ఇంటిదాకా కాళ్లు ఊపుతూనే ఉన్నాడు. కనీసం అక్కడ రోడ్డు గతుకుల మీద నేరం వెయ్యొచ్చు.

వారం తర్వాత మళ్లీ అదే సాయంత్రం, అదే ఆరు గంటలు. ఈసారి అమ్మమ్మ రెండు గోలీలు వేసింది. ఒకటి చాలలేదు కాబట్టి రెండు. లెక్క సరైనదే, దారే తప్పు. ఇంకో ఏర్పాటు కూడా జరిగింది. ఎవరైనా ఒకరు లోపల నిలబడి పాదాలు పట్టుకోవచ్చని సత్యదేవ్ ఒప్పుకున్నాడు. "ఒంటి మీద ఇనుము, బంగారం, వెండి ఏదీ ఉండొద్దు" అన్నాడు.

రజిత ముందుకు వచ్చింది. "నేను పట్టుకుంట" అని అమ్మమ్మ ఆమెను ఆపింది. గాజులు తీసింది. కమ్మలు తీసింది. మెట్టెలు రాకపోతే సబ్బు నీళ్లు పోసి తీసింది. పుస్తెలతాడు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. సత్యదేవ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నలభై రెండేళ్లలో అది ఆమె మెడలోంచి దిగలేదు. ఆమె కొంగుముడి విప్పి, ఇంటి నుంచి తెచ్చిన పసుపుకొమ్ము తీసింది. పసుపుదారానికి ముందే కట్టి ఉంది. దాన్ని మెడలో వేసుకున్నాకే పుస్తెలతాడు తీసి రజిత చేతిలో పెట్టింది.

"ముందుగాలనే తెచ్చుకున్నవా అమ్మా?"

"నీ బాపు సంగతి నాకు తెల్వదా. ఒక్కనితోని గాదు ఈ పని."

గొట్టంలోకి వెళ్లిన తాతకు ఏమీ కనిపించలేదు. పాదాలు మాత్రం తెలుస్తున్నాయి. ఇన్నేళ్లు గిన్నెలు తోమి గరుకెక్కిన రెండు అరచేతులు వాటిని గట్టిగా పట్టుకున్నాయి. చప్పుడు మొదలైంది. తాత లెక్కపెట్టాడు. కాళ్లు పొంగాయి. ఆ చేతులు నొక్కాయి. కాళ్లు లాగాయి. ఆ చేతులు ఇంకా నొక్కాయి. మంచం కింద దాక్కున్న పిల్లిని పట్టుకున్నట్టు కొంతసేపు పెనుగులాట జరిగింది.

తర్వాత చేతులు నొక్కడం మానేశాయి. ఊరికే ఆనుకుని ఉన్నాయి. తాత ఆ సమయంలో ఊపిరి బిగబట్టి, తొడలు బిగించి, చెమటలు కక్కుతూ రెండు కాళ్లనూ ఆపడానికి తనకున్న బలమంతా పెడుతున్నాడు. అయినా పిక్కల్లో ఒక కండ దానంతటది చటుక్కున గుంజుకుని వదిలేస్తోంది. ఇరవై లెక్కపెట్టేలోపు మళ్లీ. అరచేతి కింద ఆ గుంజుడు ఆమెకు తెలుస్తోంది. నేల మీద మడమల చప్పుడు పదకొండేళ్లు విన్న మనిషి ఆ కాళ్లను ముట్టుకుని చూడటం అదే మొదటిసారి.

ఈసారి కూడా షేక్ వచ్చింది. మెదడు కొంత దొరికిందట, వెన్ను అసలు దొరకలేదట.

తాత బల్ల మీద లేచి కూర్చుని తిట్ల కోసం తల వంచుకున్నాడు. అమ్మమ్మ తిట్టలేదు. ఆయన పాదాలకు చెప్పులు తొడిగింది. ఆమె అట్లా ఎప్పుడూ చెయ్యదు కాబట్టి తాతకు ఎక్కడలేని భయం వేసింది.

రెండ్రోజుల తర్వాత సాయంత్రం డాక్టరమ్మ గదిలో, తాత నోరు తెరవకముందే అమ్మమ్మ మొదలుపెట్టింది.

"ఆయన ఊపుతలేడమ్మా. కాళ్లే ఊగుతున్నయి. నేను పట్టుకొని చూసిన."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. ఎప్పటి నుంచి, ఏ వేళ, కూర్చుంటేనా, కదిలిస్తే తగ్గుతుందా అని వరసగా అడిగింది. పదకొండేళ్ల నుంచి, పొద్దుగూకాక అని చెప్పి, మిగతావాటికి తాత తల ఊపాడు.

"పదకొండేళ్లా? ఒక్కసారైనా చెప్పలేదేం భద్రయ్యగారూ?"

"అలవాటనుకున్న. మంచి అలవాటు గాదు గద, ఏం చెప్తమని."

"అలవాటు కాదండి, ఇది కూడా జబ్బే. రెస్ట్‌లెస్ లెగ్స్ అంటాం. ఎం.ఎస్. ఉన్నవాళ్లలో మిగతావాళ్లకంటే ఎక్కువగా వస్తుంది. రక్తంలో ఇనుము తగ్గినా పెరుగుతుంది. ఈమధ్య కొత్తగా ఏమైనా మందులు వేసుకున్నారా?"

అమ్మమ్మ కొంగుముడి విప్పి గోలీల పట్టీ బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ పేరు చదివి కళ్లు మూసుకుని తెరిచింది.

"నిద్ర తెప్పించే ఈ జలుబు మాత్రలు కాళ్లను ఇంకా రెచ్చగొడతాయమ్మా."

"నేనే వేసిన" అన్నది అమ్మమ్మ. "ఒకటి చాల్తలేదని రెండు వేసిన."

తాత మడమలు నేలను కొడుతూనే ఉన్నాయి.

డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. రోజుకు ఆరు కప్పుల చాయ్‌ను ఒకటికి దించింది. ఇనుము తక్కువని తేలాక దానికి మందు, కాళ్లకు వేరే మందు ఇచ్చింది. "తగ్గొచ్చు. పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేను" అన్నది. స్కాన్‌ను పొద్దున ఏడుకు పెట్టించింది. తాత కాళ్లు ఆ వేళ లేవవు.

నెల పోయాక మూడోసారి వెళ్లారు. మళ్లీ సబ్బు నీళ్లు, మళ్లీ పసుపుకొమ్ము. తాత ఇరవై దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. అట్లా ఎన్నిసార్లు పెట్టాడో లెక్కలేదు. రెండుసార్లు మాత్రం ఎడమకాలు ఉలిక్కిపడింది. సత్యదేవ్ ఆ ముక్క మళ్లీ తీశాడు.

"మస్తు వచ్చింది అంకుల్, క్లియర్" అన్నాడు బయటికి తీస్తూ.

తాత ఆ పూటంతా రాజులా ఉన్నాడు. ఆటో అద్దంలో జుట్టు సరిచేసుకున్నాడు. "చూసినవా ఎల్లమ్మా? గిరాకీ అంటే గిట్లుండాలె" అన్నాడు. ఫోటో బాగా రావడం ఒకటి, ఫోటోలో ఉన్నది బాగుండడం ఒకటి. ముప్పై ఏళ్లు అదే పని చేసిన మనిషి ఆ ఒక్క పూట ఆ తేడా మర్చిపోయాడు.

అదే రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ ఫిల్మును వెలుతురు పెట్టెకు తగిలించింది. తాత లేచి, కర్ర ఆనించుకుని, మంచి కన్నుతో దగ్గరగా చూశాడు. నల్లటి, బూడిదరంగు వెన్ను. దాని పొడవునా అక్కడక్కడ తెల్ల మచ్చలు. వానాకాలంలో నెగటివ్‌లకు బూజు పడితే అట్లాగే ఉంటుంది.

"జబ్బు తేలినప్పటి స్కాన్‌లో ఈ రెండే ఉండేవి" అన్నది డాక్టరమ్మ వేలు పెట్టి చూపిస్తూ. "ఇవి నాలుగూ కొత్తవి. మందు మారుస్తాను. ఇంకా పెరగకుండా ఆపడానికే అది. వచ్చినవి మాత్రం పోవు."

"టచింగ్ ఏం ఉండదా అమ్మా?" అని అడిగాడు తాత.

ఆమెకు అర్థం కాలేదు. రజితకు అర్థమై కిటికీ వైపు తిరిగింది. అమ్మమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆ సాయంత్రం అమ్మమ్మ దీపం పెట్టి వచ్చేసరికి తాత కుర్చీలో ఉన్నాడు. కింద జిరాక్స్ మిషన్ కాగితాలు తోస్తోంది. కాళ్లకిచ్చిన మందుతో అవి మునుపటికంటే ఆలస్యంగా మేలుకుంటున్నాయి గాని మేలుకోవడం మానలేదు. ముందు కుడి మడమ, తర్వాత ఎడమది. టక్, టక్, టక్.

అమ్మమ్మ ఆ కాళ్లను చూసింది, చూసి ఏమీ అనకుండా చాట తెచ్చుకుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. తాత కావాలని ఇంకొంచెం గట్టిగా ఊపాడు. ఆమె తల ఎత్తలేదు.

"తిట్టవేందే?"

"ఏమని తిట్టాలె? నువ్వు చేస్తున్నవా ఏంది అది?"

తాత చాలాసేపు కాళ్ల వైపు చూసుకున్నాడు. ఆమె తిట్టిన పదకొండేళ్లూ ఆయనకు ఒక ఆశ ఉండేది. అలవాటైతే ఎప్పుడో ఒకప్పుడు మానుకోవచ్చు. గట్టిగా పట్టుబడితే రేపో ఎల్లుండో మానేసి, మాయమైన లక్ష్మిని కాకపోయినా కనీసం ఎల్లమ్మను ఒప్పించవచ్చు. ఇప్పుడు మానుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"జెర తిట్టరాదే" అన్నాడు.

అమ్మమ్మ చాట పక్కన పెట్టింది. నేల మీద ఆయన ముందుకు జరిగి, రెండు పాదాలూ ఒళ్లోకి తీసుకుంది. మెట్టెలు మళ్లీ పెట్టుకోవడం ఆ రోజు ఇంకా కుదరలేదు. మెడలో పుస్తెలతాడు పక్కన పసుపుకొమ్ము అట్లాగే ఉంది.

"ఓ అయ్యా, కాళ్లు ఊపకు" అన్నది. "దీపం పెట్టిన యాళ్ల."

కోపం ఎంత వెతికినా దొరకలేదు. తాత మాత్రం బుద్ధిగా "సరే" అని, రెండు చేతులతో మోకాళ్లు నొక్కి పట్టుకుని, లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆమె కూడా ఆయనతో పాటు పెదవులు కదిపింది. పదకొండు దగ్గర, ఆమె అరచేతుల్లో, కుడికాలు ఎగిరింది.